ఆ సినిమాలో తప్పు మాత్రది కాదు

బొబ్బిలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకి ఈ జవాబు. వాళ్ల అప్పకి, అంటే అక్కకి, రెండు నెలలుగా డిప్రెషన్‌కి సెర్ట్రలిన్ మాత్ర నడుస్తోంది. కాస్త తేరుకుంటోంది కూడా. మొన్న ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని 'సైడ్ ఎఫెక్ట్స్' అనే ఇంగ్లీషు సినిమా చూశారు. డిప్రెషన్ మాత్ర వాడుతున్న ఒక అమ్మాయి నిద్రలో లేచి తిరుగుతూ భర్తను కత్తితో పొడిచేస్తుంది అందులో. ఆ సీను అవగానే బావగారు లేచి వెళ్లిపోయారు. తెల్లారేసరికి మాత్రల డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేసేశారు. మూడు రోజులైంది. "అప్పకి తల తిరుగుతోంది, ఊరికే చిరాకు పడిపోతోంది. ఇది మాత్ర వల్ల వచ్చిందా, మానేయడం వల్ల వచ్చిందా? ఈ మాత్రలు నిజంగానే మనిషి చేత అలాంటి పని చేయిస్తాయా? కంపెనీలు డబ్బులిస్తే డాక్టర్లు రాసేస్తారా? డాక్టర్‌ని అంత సులువుగా మోసం చేయొచ్చా?" అని అడిగారు.

నేను మానసిక వైద్యుణ్ణి. విశాఖపట్నం చినవాల్తేరులోని మానసిక ఆసుపత్రిలో చదువుకుని, కొన్నాళ్లు శ్రీకాకుళంలో చేసి, ఇప్పుడు విజయనగరంలో చూస్తున్నాను. మొత్తం ఇరవై మూడేళ్లు. ఆ సినిమా రెండుసార్లు చూశాను. దాని గురించి చాలా చెప్పాలనుంది గానీ, ముందు మీ అప్ప సంగతి.

ఆ డబ్బా ఈ రోజే బీరువాలోంచి బయటికి రావాలి. మందు రాసిన డాక్టరుకి ఫోన్ చేసి, ఎన్ని రోజులు మానేశారో, ఇప్పుడు ఎలా ఉందో చెప్పి, ఆయన చెప్పిన మోతాదులో మళ్లీ మొదలుపెట్టండి. మీరు చెప్పిన తల తిరుగుడు, చిరాకు చాలావరకు మాత్ర ఒక్కసారిగా ఆపేయడం వల్ల వచ్చేవే. రెండో రోజో మూడో రోజో మొదలవుతాయి. కొందరు "తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టుంది డాక్టరు గారూ" అంటారు. కొందరికి పిచ్చి పిచ్చి కలలొస్తాయి, కొందరికి ఏడుపొస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి "అదిగో, మందు మనిషిని పాడుచేసింది" అనుకుంటారు. మందు లేకపోవడం వల్ల వచ్చిన బాధని మందు ఖాతాలో రాసేస్తారు. ఈ మాత్రలు అలవాటు పడే రకం కాదు, మత్తు మందులూ కావు. కానీ మెదడు వాటికి సర్దుకుని ఉంటుంది కాబట్టి ఆపేటప్పుడు మెట్టు మెట్టుగా దిగాలి. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, పూర్తిగా బాగుపడ్డాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటాం. ఆ తర్వాత వారాల తరబడి తగ్గిస్తూ ఆపుతాం. రెండు నెలలకి ఆపడం అంటే నారు నాటి నీళ్లు ఆపేయడమే.

ఇక సినిమా. మీ బావగారు సగంలో లేచిపోయారని రాశారు చూడండి, నన్ను పట్టుకున్నది ఆ ముక్కే. ఆ సినిమాని సగం చూడటం కన్నా అసలు చూడకపోవడం నయం. ఎందుకంటే రెండో సగం మొదటి సగాన్ని పూర్తిగా తిరగేస్తుంది. 2013లో వచ్చింది, స్టీవెన్ సోడర్‌బర్గ్ తీశాడు. అందులో ఎమిలీ అనే అమ్మాయికి రాసే 'అబ్లిక్సా' అనే మందు ఎక్కడా లేదు, కథ కోసం పుట్టించిన పేరు. ఆమె నిద్రలో నడిచిందని, ఏం చేసిందో ఆమెకే తెలియదని కోర్టు నమ్ముతుంది. ఆ మందు రాసిన డాక్టరు బ్యాంక్స్ పరువు పోతుంది, ప్రాక్టీసు పోతుంది, సంసారం కూడా చెదిరిపోతుంది. ఆ తర్వాత తేలేదేమిటంటే ఆమెకి నిద్రనడకా లేదు, డిప్రెషనూ లేదు. అంతా నటన. పాత డాక్టరమ్మతో కలిసి, మందు కంపెనీ షేరు పడిపోతే డబ్బు చేసుకుందామని వేసిన పథకం. అంటే ఆ కథలో భర్తని చంపింది మనిషి. మాత్రని అడ్డం పెట్టుకుంది, అంతే. మీ బావగారు ఏ మాత్రకి భయపడి తాళం వేశారో, ఆ మాత్ర ఆ సినిమాలోనే నిర్దోషిగా బయటపడింది. ఆయన్ని కూర్చోబెట్టి ఆ మిగిలిన సగం చూపించండి. నేను చెప్పడం కన్నా అది బాగా పనిచేస్తుంది.

అయితే నిద్రలో లేచి పనులు చేయడం అనేది పూర్తిగా కట్టుకథ కూడా కాదు. అది డిప్రెషన్ మాత్రల కన్నా నిద్రమాత్రల్లో కనిపించే సంగతి. జోల్పిడెం అనే నిద్రమాత్ర ఉంది. దాన్ని వేసుకున్న కొందరు రాత్రి లేచి తింటారు, నడుస్తారు, బయట బండి నడిపినవాళ్లు కూడా ఉన్నారు. తెల్లారితే ఏదీ గుర్తుండదు. సరిగ్గా ఈ సినిమా వచ్చిన ఏడాదే, 2013 జనవరిలో, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆడవాళ్లకి దాని మోతాదు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమంది. ఆడవాళ్ల ఒంట్లో అది నెమ్మదిగా కరుగుతుంది, పొద్దున్నకి కూడా మత్తు మిగిలిపోతుంది. 2019లో అదే సంస్థ ఈ నిద్రనడక గురించి మందు కాగితం మీద నల్లటి గడి కట్టి హెచ్చరిక పెట్టించింది. నా దగ్గరికి ఒక రిటైర్డు మాస్టారు వచ్చేవారు. వాళ్ల కోడలు ఒక రోజు వచ్చి, "మావయ్యగారు రాత్రి రెండింటికి లేచి చద్దన్నంలో పచ్చడి కలుపుకుని తినేసి, గిన్నె కడిగి బోర్లించి మరీ పడుకున్నారండి. పొద్దున్న అడిగితే నేనా అంటున్నారు" అంది. మాస్టారు సిగ్గుతో తల దించుకున్నారు. మాత్ర మార్చాం, మళ్లీ అది జరగలేదు. చెప్పొచ్చేదేమిటంటే, నిద్రలో ఎక్కువగా అలవాటైన పనే జరుగుతుంది. అన్నం కలుపుకోవడం, తలుపు తీయడం, అటూ ఇటూ తిరగడం. నిద్రలో మనిషిని చంపిన కేసులు ప్రపంచంలోనే చాలా అరుదు. కెనడాలో 1987లో కెన్నెత్ పార్క్స్ అనే అతను నిద్రలోనే కారు నడుపుకుంటూ ఇరవై కిలోమీటర్ల పైన వెళ్లి అత్తగారిని చంపాడు. కోర్టు వదిలేసింది, 1992లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. అక్కడ మాట్లాడింది నిద్రనడక అనే జబ్బు గురించే, ఏ మందు గురించీ కాదు.

మీ అప్ప వాడుతున్న సెర్ట్రలిన్‌కి దుష్ప్రభావాలు లేవని నేను అనను. ఉన్నాయి. మొదటి రెండు వారాల్లో కడుపులో తిప్పుతుంది, విరేచనాలు కావచ్చు, తలనొప్పి రావచ్చు, కాళ్లూ చేతులూ ఒక చోట నిలవనట్టు ఉంటుంది. గుణమేమో కనపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. చేదు ముందూ తీపి వెనకా అన్నమాట. ఈ రెండు వారాల్లోనే చాలామంది మానేస్తారు. ఎవరూ నోరు విప్పి చెప్పని ఇంకొకటుంది. భార్యాభర్తల మధ్య కోరిక తగ్గడం. మగవాళ్లు కూడా అది చెప్పరు, చెప్పకుండా మాత్ర మానేస్తారు. నేనే అడుగుతాను, ఇంట్లోవాళ్లని బయటికి పంపి. పెద్దవయసువాళ్లలో, అందులోనూ బీపీకి నీరు దింపే మాత్ర వేసుకునేవాళ్లలో, ఒంట్లో ఉప్పు పడిపోయి మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్లు మతి పోయిందనుకుంటారు, రక్తపరీక్ష చేస్తే సోడియం తక్కువగా ఉంటుంది. పాతికేళ్ల లోపు పిల్లల్లో మందు మొదలుపెట్టిన కొత్తలో చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అమెరికాలో 2004లో పిల్లలకి, 2007లో 24 ఏళ్ల వయసు దాకా ఆ హెచ్చరిక పెట్టారు. అందుకే ఆ వయసువాళ్లని వారం తిరక్కుండా మళ్లీ రమ్మంటాం.

కానీ నన్నడిగితే, డిప్రెషన్ మాత్రల్లో ఆ సినిమాకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే ప్రమాదం ఇంకొకటి. దాన్ని నేను నా తప్పు ద్వారా నేర్చుకున్నాను.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో చీపురుపల్లి వైపు నుంచి ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఇరవై నాలుగేళ్లుంటాయి. నెల రోజులుగా మంచం దిగటం లేదు, అన్నం సయించటం లేదు, "నానెందుకూ పనికిరాను" అని ఒకటే మాట. చూడగానే డిప్రెషన్ అనిపించింది, అదే నిజం కూడా. ఫ్లూఆక్సిటిన్ అనే డిప్రెషన్ మాత్ర రాసి నెల తర్వాత రమ్మన్నాను. బయట ఇరవై మంది కూర్చున్నారు. పది నిమిషాల్లో పంపేశాను. నాలుగో వారంలో తండ్రి పరిగెత్తుకొచ్చాడు. "బాబూ, మాత్తర బాగానే పనిసేసింది గానీ ఇప్పుడు ఆపినా ఆగట్నేదు. నాలుగు రేత్రులయింది, కన్ను మూయనేదు. సెల్లి మెళ్లో గొలుసు తాకట్టెట్టేసి రెండెకరాల మామిడితోటకి బయానా ఇచ్చీసినాడు." కుర్రాడు వెనకే వచ్చాడు. కొత్త చొక్కా, గొంతు బొంగురు పోయింది మాట్లాడి మాట్లాడి. నన్ను చూసి, "డాక్టరు గారూ, మీకూ ఒక వాటా రాస్తాను" అన్నాడు. కళ్లు వెలిగిపోతున్నాయి. అది ఆరోగ్యం కాదు, ఉన్మాదం. అతనికి ఉన్నది బైపోలార్ జబ్బు. ఒక వైపు దిగులు, ఇంకో వైపు పట్టరాని ఉత్సాహం. అలాంటివాళ్లకి మనసుని నిలకడగా ఉంచే మందు లేకుండా ఉత్త డిప్రెషన్ మాత్ర ఇస్తే గాలిపటానికి దారం తెంపినట్టవుతుంది. తర్వాత వాళ్లమ్మ తాపీగా చెప్పింది. రెండేళ్ల కిందట సిరిమాను పండక్కి విజయనగరం వచ్చి పది రోజులు ఇంటికి రాలేదట, నిద్రాహారాలు లేకుండా కోట చుట్టూ తిరుగుతూ అందరికీ డబ్బులు పంచాడట. "అది పైడితల్లమ్మ పూనింది అనుకున్నాం బాబూ." ఆ ముక్క నేను అడిగి ఉంటే ఆమె మొదటి రోజే చెప్పేది. నేను అడగలేదు.

గొలుసు వెనక్కి వచ్చింది, బయానా మాత్రం రాలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా, దిగులుతో వచ్చిన ఏ మనిషికీ "ఎప్పుడైనా నాలుగైదు రోజులు నిద్ర లేకపోయినా అలుపు తెలియకుండా తిరిగారా? అప్పుడు డబ్బు ఎక్కువ ఖర్చు పెట్టారా?" అని అడగకుండా చీటీ రాయలేదు. మీ అప్పని డాక్టరు ఈ ప్రశ్న అడిగారో లేదో కనుక్కోండి. అడగకపోతే మీరే చెప్పండి. అందులో మొహమాటం అక్కర్లేదు.

మందు మనిషిని బట్టే కాదు, మనిషి ఊరిని బట్టి కూడా మారుతుంది. ఇది పుస్తకంలో ఉండదు. బైపోలార్‌కి లిథియం లాంటి మంచి మందు ఇంకోటి లేదంటాను. కానీ దానికి మంచి మోతాదుకీ విషానికీ మధ్య సందు చాలా చిన్నది. రక్తంలో 0.6 నుంచి 1.0 దాకా ఉండాలి, 1.5 దాటితే చేతులు వణకడం, తూలడం, మాట ముద్దముద్దగా రావడం. అది బయటికి పోయేది మూత్రపిండాల నుంచే. శ్రీకాకుళంలో ఉన్నప్పుడు కవిటి, సోంపేట, కంచిలి నుంచి పేషెంట్లు వచ్చేవారు. అవి ఉద్దానం ఊళ్లు. ఉద్దానం సంగతి మీకు తెలుసు, కారణం పూర్తిగా తేలకుండానే అక్కడ ఎన్నో ఇళ్లల్లో కిడ్నీ జబ్బు. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా నేను లిథియం మాట ఎత్తేవాణ్ణి కాదు. అక్కడితో అయిపోదు. కొబ్బరి తోటలో ఎండలో రోజంతా పనిచేసి, చెమటతో నీళ్లన్నీ పోగొట్టుకుని, సాయంత్రం నడుం నొప్పికి ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ వేసుకుంటారు. ఆ నొప్పి మాత్ర, ఆ చెమట రెండూ కలిసి రక్తంలో లిథియం పెంచేస్తాయి. మందు తప్పు లేదు, రాసిన డాక్టరు తప్పూ లేదు, ఇచ్చిన ఆర్‌ఎంపీ ఉద్దేశమూ చెడ్డది కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడమే చేటు తెచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలన్నీ పడగొట్టిపోయాక నిద్ర పట్టదని వచ్చినవాళ్లు చాలామంది. వాళ్లలో సగానికి సగం మందికి మాత్ర కన్నా ముందు మాట అవసరమైంది. ముప్ఫై ఏళ్లు పెంచిన చెట్టు కూలిపోతే మనిషికి నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు.

కంపెనీల డబ్బు సంగతి అడిగారు. సినిమాలో డాక్టరు బ్యాంక్స్ కొత్త మందు ట్రయల్‌కి కంపెనీ దగ్గర డబ్బు తీసుకుంటాడు. అప్పులున్నాయి, ఇల్లు గడవాలి, తప్పేముందనుకుంటాడు. ఆ పాత్ర చెడ్డవాడు కాదు, అదే ఆ సినిమాలో నాకు నచ్చింది. అమెరికాలో టీవీలో డిప్రెషన్ మాత్రకి ప్రకటనలు వస్తాయి, పేషెంటే వచ్చి ఫలానా మందు రాయమంటాడు. ఇలా డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందులకి జనంలోకి ప్రకటన ఇవ్వనిచ్చేది ప్రపంచంలో అమెరికా, న్యూజీలాండ్ మాత్రమే. మన దగ్గర దానికి వీల్లేదు. డాక్టర్లకి కంపెనీలు కానుకలూ విమాన టికెట్లూ ఇవ్వకూడదని 2024 మార్చిలో కేంద్రం కొత్త నియమావళి కూడా తెచ్చింది. అంతకు చాలా ముందు, 2009లోనే డాక్టర్లు తీసుకోకూడదని వైద్య మండలి నిబంధన పెట్టింది. నిబంధన ఉన్నంత మాత్రాన అందరూ పాటిస్తున్నారని నేను చెప్పను. మీ డాక్టరుని "ఇదే మందు తక్కువ ధరలో జనరిక్‌లో దొరుకుతుందా?" అని అడగండి. సెర్ట్రలిన్ దొరుకుతుంది. ఆ ప్రశ్నకి విసుక్కోకుండా జవాబిచ్చే డాక్టరు దగ్గరే ఉండండి.

అయితే మన జిల్లాల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది కంపెనీలు కాదు. ఒక దృశ్యం చెబుతాను. ఒక ముసలమ్మ వస్తుంది, చీర కొంగులోంచి పాలిథిన్ కవరు తీస్తుంది, టేబుల్ మీద గుమ్మరిస్తుంది. పది పదిహేను రకాల ముక్కలు పడతాయి. ముక్కలు అని ఎందుకన్నానంటే, ఏదీ పూర్తి స్ట్రిప్ కాదు. మందుల షాపులో నాలుగేసి, ఐదేసి కత్తిరించి ఇస్తారు. పేరు, తారీకు ఉన్న వైపు షాపులోనే ఉండిపోతుంది. ఈమె చేతికి వచ్చింది వెండి రేకు, అందులో గులాబీ రంగు బిళ్ళ. "ఇది దేనికమ్మా?" అంటే "గుండి దడకి బాబూ." "ఇది?" "నిద్దరకి." "ఎవరు ఇచ్చారు?" "మా పక్కింటామె వోడతది, బాగుందంటే నానూ తెచ్చుకున్నాను." విప్పి, గీతలు చూసి, నా డబ్బాలోని స్ట్రిప్పులతో పోల్చి చూస్తే రెండు ఆందోళనకీ నిద్రకీ వాడే ఆల్ప్రజోలం, ఒకటి గుండె దడకి వాడే ప్రొప్రనలాల్. ఆమెకి ఉబ్బసం ఉంది. ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకి ఊపిరి బిగించేస్తుంది. ఆ సినిమాలో కూడా డాక్టరు, భార్య ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తుంటే గుండె దడ తగ్గడానికి తన చేత్తో ఒక మాత్ర ఇస్తాడు. చూసేవాళ్లకి అది ప్రేమగా అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ కవరే కళ్ల ముందు మెదిలింది. ఆల్ప్రజోలం, డయాజిపాం, జోల్పిడెం లాంటివి మన దేశంలో 2014 మార్చి నుంచి హెచ్1 జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరు రాశారు, ఎవరికి ఇచ్చారు అన్నది షాపువాళ్లు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. నిజంగా అలవాటు పడేవి ఇవీ. పదేళ్లుగా రాత్రికో ఆల్ప్రజోలం వేసుకుంటూ, డిప్రెషన్ మాత్ర రాస్తే మాత్రం "అమ్మో, అది అలవాటైపోద్దట" అని భయపడేవాళ్లని నేను వారంలో ఒకరినైనా చూస్తాను.

డాక్టర్‌ని మోసం చేయొచ్చా? చేయొచ్చు. నా దగ్గర దిగులుని కొలిచే మీటరు లేదు, రక్తపరీక్ష లేదు. మీరు చెప్పేది, మీ ముఖం, మీ నిద్ర, మీ ఇంట్లోవాళ్ల మాట, వీటితోనే లెక్క కట్టాలి. బ్యాంక్స్ చివరికి ఎమిలీని పట్టుకునేది కూడా అలాగే. నిజం చెప్పించే మందు అని చెప్పి ఉత్త సెలైన్ నీళ్లు ఎక్కిస్తాడు, ఆమెకి మత్తు వచ్చేస్తుంది. నీళ్లకి మత్తెలా వస్తుంది? కథగా అద్భుతం. మన దేశంలో అలా అడక్కుండా చేయడం కుదరదు. అలాంటి మందిచ్చి మాట్లాడించడం మనిషి సమ్మతి లేకుండా చేయకూడదని 2010లో సెల్వీ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇంకో సంగతి. జబ్బున్న ప్రతి ముద్దాయీ మన కోర్టుల్లో తప్పించుకోడు. పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షను, ఇప్పుడు న్యాయ సంహితలో 22వది. తను చేస్తున్న పనేమిటో, అది తప్పని గానీ చట్ట విరుద్ధమని గానీ ఆ క్షణంలో తెలియని స్థితిలో ఉన్నాడని రుజువు కావాలి. ఆ రుజువు భారం ముద్దాయి మీదే. డిప్రెషన్ ఉంది, మాత్ర వేసుకున్నాను అంటే సరిపోదు.

కానీ మీరు నమ్మండి, ఇరవై మూడేళ్లలో లేని దిగులు ఉన్నట్టు నటించినవాళ్ల కన్నా ఉన్న దిగులుని దాచినవాళ్లు నాకు వంద రెట్లు ఎక్కువ తగిలారు. నడుం నొప్పి అంటారు, గ్యాస్ అంటారు, నరాల బలహీనత అంటారు, గాలి సోకింది అంటారు. ఎజ్జోడి దగ్గర, అంటే మంత్రగాడి దగ్గర, తాయెత్తు కట్టించుకుని, ఆరు నెలలు తిరిగి, అప్పుడు వస్తారు. 'చినవాల్తేరు' అనే ఊరి పేరునే మన వైపు తిట్టుగా వాడతాం కదా, ఎలా వస్తారు? 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందటం లేదు. ఎమిలీ లాంటి మోసగత్తెల గురించి సినిమా తీయొచ్చు. నా గది బయట బెంచీ మీద కూర్చునేది మీ అప్ప లాంటివాళ్లు.

సినిమాలో నాకు బొత్తిగా నచ్చని సీను మొదట్లోనే ఉంది. ఎమిలీ కారుని తిన్నగా గోడకేసి కొట్టుకుని ఆసుపత్రికి వస్తుంది. డాక్టరుకి అనుమానం వస్తుంది, ఇది ప్రమాదం కాదు, చావబోయిందని. అయినా మాత్ర రాసి, మళ్లీ వచ్చి కలవమని ఇంటికి పంపేస్తాడు. నేనైతే ఆ రాత్రి పంపను. కూడా ఒక మనిషిని పెట్టి, ఇంట్లోవాళ్లని పిలిపించి మాట్లాడేదాకా పంపను.

చివరి సీను గురించి ఎవరూ మాట్లాడుకోరు. నాకు ఆ హత్య కన్నా అదే ఎక్కువ భయం వేసింది. నిజం తెలిసిపోయాక డాక్టరు ఆమె మీద కక్ష తీర్చుకుంటాడు. జబ్బు లేదని తెలిసీ థొరాజిన్, డెపకోట్ అనే పెద్ద మానసిక జబ్బుల మందులు రాస్తాడు, వద్దంటే మళ్లీ పిచ్చాసుపత్రికి పంపిస్తాడు. థొరాజిన్ అంటే మన క్లోర్‌ప్రొమజిన్. 1952లో ఫ్రాన్సులో వచ్చిన మందు, గొలుసులతో కట్టేసిన ఎందరినో విడిపించిన మందు. అది వేసుకుని ఎండలో పొలం పనికి వెళ్తే చర్మం కమిలిపోతుంది. నా పేషెంట్లకి తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా వేసుకోమని చీటీ మీదే రాస్తాను. డెపకోట్ అంటే వాల్‌ప్రొయేట్. గర్భంలో బిడ్డ వెన్ను, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకి వేరే దారి ఉన్నంతవరకు రాయకూడని మందు. ఎమిలీ వయసెంత? అది తెలియని డాక్టరు కాదు అతను. మందుని శిక్షగా వాడినవాడిని సినిమా గెలిచినట్టు చూపిస్తుంది, చూసినవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సరిగ్గా ఇలాంటి డాక్టర్ల కోసమే. మనిషిని గొలుసుతో బంధించకూడదు, శిక్షగా కట్టేయకూడదు, ఆసుపత్రిలో పెట్టిన తీరు తప్పనిపిస్తే రివ్యూ బోర్డుకి ఫిర్యాదు చేసుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని పేషెంటే ముందుగా ఎంచుకోవచ్చు. ఈ ఆఖరి హక్కు మీ అప్పకి కూడా ఉంది. ఆమె ఎవరి పేరు చెబుతుందో ఒకసారి అడిగి చూడండి.

మీ బావగారి మీద కోపం పెట్టుకోకండి. ఆయన తాళం వేసింది భార్య మీద ప్రేమతోనే, భయంతోనే. ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్నే వెంట పంపండి. ఇంట్లో ఉన్న మందులన్నీ, బీపీవి, నొప్పివి, ఆయుర్వేదానివి కూడా, కత్తిరించని స్ట్రిప్పులతో ఒక సంచిలో వేసుకు వెళ్లమనండి. మందు మొదలుపెట్టాక నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఏ రోజు కోపం ఎక్కువ వచ్చింది అన్నది ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకు వెళ్తే డాక్టరుకి పది నిమిషాలు కలిసొస్తాయి. ఈలోపు ఏ రాత్రైనా ఆమె నోట "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట వస్తే ఒంటరిగా వదలకండి, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను నంబరు 14416. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఒక్కటి మీరు రాయలేదు. ఆ సినిమా చూస్తున్నప్పుడు మీ అప్ప కూడా అక్కడే కూర్చుని ఉంది కదా. బావగారు లేచి వెళ్లిపోయారు, మీరు ప్రశ్న అడిగారు. ఆమె ఏమనుకుందో ఎవరైనా అడిగారా? ఈ రాత్రి అన్నాలు తిన్నాక పక్కన కూర్చుని అడగండి. ఆమె చెప్పింది ఇక్కడ రాస్తే, దానికీ జవాబిస్తాను.